మాట, సాక్ష్యం, సంగతి

ఆగస్టు 3

మా ఆయనకి పాఠం చెప్పడానికి ఒప్పుకున్నాను. ఇక్కడ రాసుకోకపోతే స్టాఫ్ రూములో ఎవరో ఒకరి దగ్గర కక్కేస్తాను. ఆ తర్వాత ఊరంతా పాకుతుంది. అందుకే ఈ డైరీ.

ఊరికి నీళ్ళిచ్చే పంపుహౌస్‌లో ఈయన చాలా ఏళ్ళుగా ఇన్‌చార్జి. ఇన్‌చార్జి అంటే పనంతా చేసేవాడు, పేరు మాత్రం లేనివాడు. ఇప్పుడు అక్కడ సూపర్‌వైజరు పోస్టు వచ్చింది. పన్నెండో తరగతి పాసైనవాళ్ళకే ఇస్తారట. ఈయన ప్రైవేటుగా కట్టి అన్నీ గట్టెక్కాడు, ఒక్క సాహిత్యం పేపరు తప్ప. అది రెండుసార్లు తప్పాడు. అక్టోబరులో మళ్ళీ ఉంది. ఈసారి కూడా పోతే పోస్టు ఇంకొకరికిస్తారు, ఈయన్ని కొండమీద ఆనకట్ట దగ్గరున్న పంపింగ్ స్టేషనుకి వేస్తారు. బస్సులో పూట పూటంతా ప్రయాణం. రెండు వారాలకోసారి ఇంటికి రావడం.

సాహిత్యం టీచరు మొగుడు సాహిత్యంలో తప్పాడు. దీపం కిందే చీకటని మా హెడ్‌మాస్టరు నా మొహం మీదే అన్నాడు, నవ్వుతూనే అన్నాడనుకోండి.

వేస్తే వెయ్యనీ. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. తడి తువ్వాలు మంచం మీద పడేసేవాళ్ళుండరు.

ఆగస్టు 6

మొదటి పాఠం. భోజనాల బల్ల తుడిచి, అత్తయ్యని టీవీ సౌండు తగ్గించమని చెప్పి, పుస్తకం తెరిచాం.

బడిలో పిల్లలకి చెప్పేదే ఈయనకీ చెప్పాను. విశ్లేషణ పేరా అంటే మూడు మెట్లు. మాట, సాక్ష్యం, సంగతి. ముందు మన మాట: రచయిత ఇక్కడ ఫలానా మెళకువ వాడాడు. తర్వాత సాక్ష్యం: పాఠంలోంచి ఆ వాక్యం ఎత్తి చూపించాలి. ఆఖర్న అసలు సంగతి: ఆ మెళకువ వల్ల చదివేవాడికి ఏమైంది, ఎందుకైంది.

"కోర్టు కేసులా ఉందే" అంది అత్తయ్య టీవీ ముందు నుంచే.

అభ్యాసానికి ఒక వాక్యం ఇచ్చాను. "ఊడబోయే పన్నులా ఆ ఇంటి తలుపు ఊగుతోంది."

"పోలిక. ఉపమ" అన్నాడు ఠక్కున. నాకు ప్రాణం లేచొచ్చింది.

"సరే. రచయిత తలుపుని అలా ఎందుకన్నాడు?"

కాసేపు ఆలోచించాడు. "బందులు అరిగిపోయుంటాయి. గ్రీజు పెట్టి చాలా రోజులై ఉంటుంది."

"అది కాదండీ. చదివేవాడికి ఏమనిపిస్తుంది?"

"గ్రీజు పెట్టాలనిపిస్తుంది."

అత్తయ్య టీవీ కట్టేసి మరీ నవ్వింది. నేను నవ్వలేదు. టీచరు నవ్వకూడదు. వంటింట్లోకెళ్ళి నవ్వాను.

ఇంకో వింత. ఏ జవాబు రాసినా చివర "సరిచూశాను" అని రాసి, కింద స్కేలుతో గీత గీస్తాడు. పంపుహౌస్ లాగ్‌బుక్కులో అలా రాయడం అలవాటట. "ఇది మోటారు కాదు" అన్నాను. "చూడకుండా వదిలేస్తే ఏదైనా కాలిపోతుంది" అన్నాడు. ఆ మొహం చూస్తే కాదనబుద్ధి కాలేదు. ఉంచుకోమన్నాను.

ఆగస్టు 9

ఉపమకీ రూపకానికీ తేడా మళ్ళీ చెప్పాను. కోపం రాలేదు. నాకసలు కోపం రాదు.

ఆగస్టు 14

మాట బాగానే రాస్తున్నాడు. సాక్ష్యం వెతుక్కుంటున్నాడు. సంగతి దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోతుంది. "ఈ పోలిక చాలా బాగుంది" అని రాసి గీత గీసేస్తాడు.

బాగుంటే అయితే ఏంటి? అదే కదా రాయాల్సింది. మా పిల్లల కాగితాల మీద రాసినట్టే ఈయన పేరాల పక్కన కూడా ఎర్ర సిరాతో "అయితే?" అని రాస్తున్నాను. ఇవాళ ఒక పేజీలో ఎన్ని ఉన్నాయో చూసి "నా రాత కంటే నీ రాతే ఎక్కువుంది టీచరమ్మా" అన్నాడు. సరదాగానే అన్నాడు.

సరే, ఒకటి చూపిస్తే పోలేదా అని నమూనా పేరా ఒకటి నేనే రాసిచ్చాను. "నది అలిగి ఊరికి దూరంగా జరిగింది" అనే వాక్యం మీద. రచయిత నదికి మనిషి గుణం ఇచ్చాడు, దాని వల్ల ఊరివాళ్ళ తప్పు వాళ్ళకే తెలిసొచ్చింది, అలిగినవాళ్ళని బతిమాలుకోవాలన్న ఆశ కూడా అందులో ఉంది, అని. చాలా బాగా వచ్చింది. నిజం చెప్పొద్దూ, రెండుసార్లు చదువుకున్నాను.

అన్నం తింటూ తాబేలు సంగతేదో మొదలుపెట్టాడు. పంపుహౌస్‌లో నీళ్ళు వచ్చే జాలీకి తాబేలొకటి అడ్డంపడిందట.

"అయితే?" అన్నాను.

"ఏం లేదు" అన్నాడు. కూర ఇంకాస్త వేసుకున్నాడు.

ఆగస్టు 27

ఇవాళ ఇంట్లోనే పరీక్ష పెట్టాను. ఫ్యాక్టరీ సైరను మీద చిన్న కథ ఇచ్చి, మెళకువలు గుర్తించి రెండు పేరాలు రాయమన్నాను. చకచకా రాసేశాడు. పెన్ను ఆగనే లేదు. నా కష్టం ఫలించిందనుకున్నాను.

తీరా చూస్తే మొదటి పేరా ఇలా ఉంది. "ఈ రచయిత నదికి మనిషి గుణం ఇచ్చాడు."

కథలో నది లేదు. చుక్క నీళ్ళు లేవు. ఫ్యాక్టరీ, సైరను, ఒక సైకిలు. నా నమూనా పేరాని అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టి దింపేశాడు. అలిగినవాళ్ళని బతిమాలుకోవడం కూడా ఉంది. కింద "సరిచూశాను."

భోజనాల దగ్గర అత్తయ్యకి పైకి చదివి వినిపించాను. అత్తయ్యకి పొలమారింది. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి నవ్వి నవ్వి. ఈయనా నవ్వాడు. నవ్వాడు, నేను చూశాను.

ఆగస్టు 28

ఒంట్లో నలతగా ఉందన్నాడు. పాఠం లేదు.

సెప్టెంబరు 2

ఓవర్‌టైమట. పాఠం లేదు.

సెప్టెంబరు 5

ఓవర్‌టైమట.

సెప్టెంబరు 11

ఛీ. నా పరువు పోయింది.

కూరగాయల దుకాణంలో కామా కలిసింది. నా పాత విద్యార్థిని. వాక్యం మధ్యలో ఎక్కడ పడితే అక్కడ కామాలు చల్లేది కాబట్టి నేనే పెట్టిన పేరు. ఇప్పుడు సైకిలు షాపు మీద గదిలో ట్యూషను సెంటరు నడుపుతోంది.

"మేడమ్, సార్ చాలా బాగా చదువుతున్నారు" అంది.

"ఏ సార్?"

"మన సారే మేడమ్. మీరే పంపారనుకున్నానే."

"అవునవును, నేనే పంపాను" అన్నాను. సంచీలో వంకాయలు ఎన్ని వేసుకున్నానో నాకే తెలీదు. ఇంటికొచ్చి చూస్తే వారానికి సరిపడా ఉన్నాయి.

నా దగ్గర పాఠం నేర్చుకున్న పిల్ల. వాక్యం ఎక్కడ ఆపాలో తెలియని పిల్ల. దాని దగ్గరికి వెళ్తాడా నా మొగుడు? అత్తయ్యకి చెప్తే ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "పొరుగింటి పుల్లకూర రుచెక్కువే అమ్మాయ్" అంది. ఆవిడకి ముందే తెలుసు. ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలీదు.

సెప్టెంబరు 13

బడి నుంచి వస్తూ సైకిలు షాపు వైపు వెళ్ళాను. ఆ ట్యూషను గదికి గాలీ వెలుతురూ ఉన్నాయో లేదో చూద్దామని. పరీక్ష ముందు ఇరుకు గదుల్లో కూర్చుంటే మనిషికి తలనొప్పి వస్తుంది.

మెట్ల మీద సగం ఎక్కేసరికి ఈయన గొంతు వినిపించింది. తాబేలు కథ చెప్తున్నాడు.

జాలీకి అడ్డంపడ్డ తాబేలుని తీసి గట్టవతల వదిలాడట. మర్నాడు మళ్ళీ అదే జాలీ దగ్గర. మళ్ళీ వదిలాడు. మళ్ళీ వచ్చింది. "తర్వాత?" అంది కామా. దాని వీపు మీద పెయింటుతో చిన్న చుక్క పెట్టాడట, అదేనా కాదా చూద్దామని. నాలుగోరోజు వచ్చినదాని మీద చుక్క లేదు. "తర్వాత?" చూస్తే రెండు తాబేళ్ళు. మొదటిది గట్టవతల ఉండిపోయింది, రెండోది దాన్ని వెతుక్కుంటూ జాలీ దాకా వస్తోంది. రెండోదాన్ని కూడా తీసుకెళ్ళి అక్కడే వదిలాక ఇక రాలేదట.

ఎంతసేపు చెప్పాడో. చేతులు తిప్పుతూ చెప్తున్నాడని నీడ చూస్తే తెలుస్తోంది. ఈయన అంతసేపు మాట్లాడగా విని ఎన్నాళ్ళైంది? కామా పడీపడీ నవ్వి, "సార్, ఇదే రాయండి, రెండో తాబేలు గురించి రచయిత చెప్పకుండా చుక్కతో చెప్పించాడు కదా" అంది. "రచయిత ఎవరు, నేనేగా" అన్నాడు.

కిందికి దిగి వచ్చేశాను. గదికి కిటికీలు బాగానే ఉన్నాయి.

సెప్టెంబరు 15

అడిగేశాను. అడక్కుండా ఉండడం నా వల్ల కాదు.

"ఇంట్లో టీచరుండగా బయట ట్యూషనేంటండీ?"

చొక్కా మడత పెడుతూ ఉన్నాడు. దాచాలని చూడలేదు. "నీ దగ్గర భయమేస్తుంది."

"భయమా? నేనేమన్నా కొడతానా?"

"కొట్టవు. 'అయితే?' అంటావు."

"అది పాఠంలో. సంగతి రాయించడానికి."

"పాఠంతో మొదలవలేదులే" అన్నాడు. కోపంగా కాదు. వాతావరణం గురించి చెప్పినట్టు అన్నాడు. "పంపుహౌస్‌లో ఏదో చూస్తాను. ఇంటికొచ్చి నీకు చెప్దామనిపిస్తుంది. నువ్వు 'అయితే?' అంటావు. అప్పుడు చూసుకుంటే అందులో ఏమీ ఉండదు. నాకు విప్పి చెప్పడం రాదు. చూసింది చెప్తాను, అంతే."

"నేను ఊరికే అంటాను."

"తెలుసు. అందుకే నేనూ ఏమీ అనుకోను."

చొక్కాలు బీరువాలో పెట్టి స్నానానికి వెళ్ళాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. "చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఈ ఇంట్లో అది తిరగబడింది" అంది. ఆవిడ మీద కోపం రావాలి. రాలేదు.

సెప్టెంబరు 16

పేరా రాసి చూస్తాను. ఇతరులకి చెప్పేది నేను చెయ్యలేనా?

మాట: నేను ఈయన చెప్పేది వింటాను.

సాక్ష్యం:

(రేపు రాస్తాను.)

సెప్టెంబరు 17

రాయలేదు. బడిలో పని ఎక్కువగా ఉంది.

అక్టోబరు 2

భోజనాల దగ్గర వాల్వు మార్చిన సంగతి ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాడు. నేను గొంతు సవరించుకుని "తర్వాత?" అన్నాను.

ఈయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఏంటి, నోటి పరీక్షా?"

"కాదు, ఊరికే. తర్వాత ఏమైంది?"

"ఏమవుతుంది, కొత్తది బిగించాం." అత్తయ్య వైపు తిరిగాడు. "అమ్మా, దీనికి ఒంట్లో బాగానే ఉందా?"

అంత ఘోరంగా అడిగానా? పదిమంది పిల్లలు అబద్ధం ఆడితే పట్టేసుకునేదాన్ని, నా గొంతులో అబద్ధం నాకే వినపడింది. అబద్ధం కాదు. అలవాటు లేకపోవడం.

అక్టోబరు 17

రేపు పరీక్ష. ఈయన నిద్రపోతున్నాడు హాయిగా. నేను పెన్నులు రాస్తున్నాయో లేదో చూస్తూ కూర్చున్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకంది అత్తయ్య.

నాకేం దురద లేదు. తప్పితే కొండమీదికి వెళ్తాడు, అంతేగా.

అంతే.

అక్టోబరు 18

నేను బడి నుంచి వచ్చేసరికి వరండాలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఎలా రాశారని అడగలేదు. ఎదురుగా కూర్చున్నాను. నేను అడక్కపోయేసరికి ఈయనకే ఊపిరాడలేదు కాబోలు, తనే మొదలుపెట్టాడు.

మొదటిది బాగా రాశాడట. రెండోదాంట్లో "సముద్రం గొంతు బొంగురుపోయింది" అని ఉంటే రూపకం అని రాశాడట. అది మనిషి గుణం ఇవ్వడం. నదికి ఇచ్చినట్టే. ఒక మార్కు పోయినట్టే. నోటికి తాళం వేసుకుని టీ తాగాను.

"మూడోది నా సొంతంగా రాశాను. నీ మూడు మెట్లూ ఉన్నాయో లేదో తెలీదు."

"ఏం రాశారు?"

"రాశాన్లే" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

నవంబరు 4

పేపర్లు దిద్దడానికి పిలుపొచ్చింది. మా ఆయన రాశాడు కాబట్టి నేను రానని పెద్ద సారుకి చెప్పాను. పెద్ద సారంటే దిద్దేవాళ్ళందరి మీదా అజమాయిషీ చేసేవాడు, చండశాసనుడు. ఈ ఊరి పేపర్లు ఇక్కడికి రావమ్మా, వేరే చోటికి పోతాయి, మనుషులు తక్కువగా ఉన్నారు, నువ్వు రావాల్సిందేనన్నాడు. ఒకవేళ అయినవాళ్ళ పేపరని తెలిస్తే వెంటనే మూసి తనకిచ్చెయ్యాలి. అది నియమం.

మార్కుల పద్ధతి కూడా మేమే కూర్చుని ఖాయం చేశాం. మెళకువ పేరు రాస్తే ఒకటి, సాక్ష్యానికి ఒకటి, ఆ మెళకువ గురించి వివరణకి మూడు. పేరు తప్పితే వివరణలో కోత. ఈ కోత పెట్టాలని పట్టుబట్టింది నేనే. లేకపోతే పిల్లలు గాలికబుర్లు రాస్తారని.

నవంబరు 7

రాయాలో వద్దో. నా డైరీనే కదా.

మధ్యాహ్నం ఇచ్చిన కట్టలో నాలుగో పేపరు. మొదటి జవాబు కింద "సరిచూశాను", స్కేలు గీత. ఈయనదే. కట్టలు ఎక్కడో కలిసిపోయాయి.

వెంటనే ముయ్యాలి. మూయలేదు. చదివాను.

మొదటిది బాగుంది. రెండోదాంట్లో రూపకమని రాశాడు, తెలిసిందే. మూడోది గడియారాలు రిపేరు చేసే ఒకాయన కథ. ఆయనా, ఆయన చెల్లెలూ ఒకే ఇంట్లో ఉంటారు. గోడ మీద ఆగిపోయిన గడియారం ఉంటుంది. ఆయన ఒంటరితనాన్ని రచయిత ఏ మెళకువతో చూపించాడు, విశ్లేషించండి, అని ప్రశ్న. ఆగిన గడియారం ప్రతీక అని రాయాలి. మేం ఖాయం చేసిన జవాబు అదే.

ఈయన గడియారం జోలికే పోలేదు. ఇది రాశాడు. మర్చిపోతానేమోనని ఇంటికి రాగానే రాసుకుంటున్నాను. మర్చిపోను, అయినా.

"ఈ మనిషి బాధపడ్డాడని రచయిత ఎక్కడా రాయలేదు. మొదటి పేజీలో ఈయన చెల్లెలితో మాట్లాడేటప్పుడు ఒక్కొక్క వాక్యం మూడు లైన్లుంది. మధ్యలో ఒక లైను అయింది. చివరికొచ్చేసరికి 'ఊఁ', 'సరే', అంతే. మాట తగ్గిందంటే చెప్పడానికేమీ లేదని కాదు. పైపులో నీళ్ళుంటాయి, ప్రెషరుండదు. చెల్లెలు చెడ్డది కాదు. ఆమెకి పని ఎక్కువ. ఈయనకి అది తెలుసు కాబట్టి విసిగించడు. అయినా రోజూ సాయంత్రం ఆమె దగ్గరికొచ్చి కూర్చుంటాడని ఆఖరి వాక్యంలో ఉంది. ఎప్పుడైనా అడుగుతుందేమోనని కూర్చుంటాడని నేననుకుంటున్నాను. సరిచూశాను."

చుట్టూ అందరూ తలలు వంచుకుని దిద్దుకుంటున్నారు. ఫ్యాను తిరుగుతోంది. నా చేతిలో ఎర్ర పెన్నుంది. ఐదుకి ఐదు వేస్తే ఎవరూ అడగరు. నా మార్కుల్ని పెద్ద సారు కూడా మళ్ళీ చూడడు. ఆ ఐదుతో ఈయన ఇంట్లో ఉండిపోవచ్చు. పెన్ను మూత తీశాను కూడా.

మా పద్ధతి ప్రకారం దానికి రెండు. మెళకువ పేరు లేదు. ఇదే పేపరు వేరేవాళ్ళది అయితే ఈ పాటికి రెండు వేసి, పక్కన "అయితే?" అని రాసి, పేజీ తిప్పేసేదాన్ని.

పేపరు మూసి పెద్ద సారు బల్ల మీద పెట్టి, "మా ఆయనదండి" అన్నాను. ఆయన కళ్ళద్దాల మీంచి చూశాడు. "చదివావా అమ్మా?" "చదివానండి." "మార్కులు?" "ముట్టుకోలేదండి." తలూపి తన కట్టలో వేసుకున్నాడు.

బాత్రూములోకెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చాను. ఈయనకి నేను చెడ్డదాన్ని కాదట. పని ఎక్కువట.

నవంబరు 8

ఇంట్లో చెప్పలేదు. చెప్పకూడదు, ఫలితాలు వచ్చేదాకా. సాయంత్రం ఈయన నా దగ్గర కూర్చుని న్యూస్‌పేపరు చదువుకున్నాడు. రోజూ కూర్చుంటాడు. ఇన్నాళ్ళూ అక్కడ వెలుతురు బాగుంటుందని కూర్చుంటున్నాడనుకున్నాను.

నవంబరు 29

ముప్ఫై రెండు. ముప్ఫై అయిదుకి పాసు.

మూడు మార్కులు. ఆ మూడూ ఎక్కడున్నాయో నాకు తెలుసు.

ఈయన కాగితం చూసి, మడిచి, "పోనీలే. కిందటిసారి పంతొమ్మిది కదా, పెరిగాయి" అన్నాడు. నన్ను ఓదార్చాడు. కామా ఫోను చేసి ఏడిస్తే దాన్నీ ఓదార్చాడు. మళ్ళీ దిద్దించడానికి కడదామంటే వద్దన్నాడు. "రాసింది నేను. వాళ్ళకి కావలసింది ఇంకోటి. దాంట్లో తగువేముంది?"

అత్తయ్య ఒక్క మాటా అనలేదు. అదే భరించలేకపోయాను.

డిసెంబరు 10

వెళ్ళాడు. పెట్టె నేనే సర్దాను. బస్సు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను. చెప్పాల్సిందేదీ చెప్పలేదు. "తువ్వాళ్ళు ఆరేసుకోండి" అన్నాను.

డిసెంబరు 12

ఇల్లు ప్రశాంతంగా ఉంది.

డిసెంబరు 13

ప్రశాంతంగా ఉంది.

డిసెంబరు 15

ఫోను చేశాడు. అక్కడ సిగ్నలు అంతంతమాత్రం. బాగున్నావా, బాగున్నాను, అమ్మ బాగుందా, బాగుంది. "ఊఁ." "సరే." అంతే. పెట్టేశాక ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

నాకు ఈయన కావాలి. రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. తువ్వాలుతో సహా కావాలి. ఇరవై మూడేళ్ళ కాపురం, ఆ మనిషి ఎదురుగా ఉన్నన్నాళ్ళూ విసుక్కున్నాను, ఇప్పుడు వంటింట్లో గిన్నె చప్పుడైతే వచ్చాడేమోనని తిరిగి చూస్తున్నాను.

అత్తయ్య నా వెనకాలే వచ్చింది. "రెండు వారాలయ్యేదాకా ఆగుతావా?"

"బడి ఉంది కదత్తయ్యా. మీరొక్కరూ ఎలా ఉంటారు?"

"నాకు కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయి. నువ్వు పుట్టకముందు నుంచీ ఉంటున్నాను. శనివారం బస్సెక్కు. బడి ఎక్కడికీ పారిపోదు."

డిసెంబరు 18, ఆదివారం, ఆనకట్ట దగ్గర

పొద్దున్నే ఈయన డ్యూటీకి వెళ్ళాడు. మంచం మీద కూర్చుని రాస్తున్నాను.

నిన్న సాయంత్రం బస్సు దిగి గేటు దగ్గరికి వెళ్ళేసరికి రెంచి పట్టుకుని బయటికొస్తున్నాడు. నన్ను చూసి మొహం పాలిపోయింది.

"అమ్మకేమైంది?"

"ఏమీ కాలేదు. మిమ్మల్ని చూడాలనిపించింది."

చేతిలో రెంచి ఎక్కడ పెట్టాలో తెలియలేదు ఆయనకి. చివరికి నాకిచ్చి నా సంచీ అందుకున్నాడు.

ఉన్నది ఒక్క గది. గోడవతలే మోటార్లు. ఎప్పుడూ ఒకటే హోరు, నేల కూడా సన్నగా వణుకుతుంటుంది. ఎదురెదురుగా కూర్చున్నా అరిచి మాట్లాడాలి. టీ పెట్టిచ్చాడు. గ్లాసు చేతికి రాగానే చెప్పేశాను, ఇక దాచలేక.

"మీ మూడో జవాబు చదివాను."

"ఏం చదివావు?" అని అరిచాడు.

"మూడో జవాబు. కట్ట నా దగ్గరికే వచ్చింది."

ఈసారి వినపడింది. గ్లాసు కింద పెట్టాడు. "ఎన్ని వేశావు?"

"వెయ్యలేదు. పెద్ద సారుకిచ్చేశాను."

"వేస్తే ఎన్ని వేసేదానివి?"

అబద్ధం చెప్పొచ్చు. ఈ మనిషికి చెప్పబుద్ధి కాలేదు. "రెండు."

ఈయన నవ్విన నవ్వుకి భుజాలు ఊగాయి. "నాకు తెలుసు. అది రాసేటప్పుడే తెలుసు రెండు కంటే రావని."

"తెలిసి ఎందుకు రాశారు? గడియారం అని రాస్తే సరిపోయేది కదా. ఇంట్లో ఉండేవారు."

"గడియారం నేనూ చూశాను. కానీ నాకు ఆ మనిషే కనిపించాడు" అన్నాడు. నా వైపు తిరిగి అడిగాడు. "చదివాక ఏమనిపించింది?"

"ఏడ్చాను" అన్నాను. "ఏడ్చాను, వినపడిందా? మార్కులు రెండే. కానీ ఏడ్చాను."

వినపడింది. లేచొచ్చి నా తల మీద చెయ్యి వేశాడు. చేతికి ఆయిలు ఉంది, జుట్టుకి అంటుకుంది, నేనేమీ అనలేదు.

తర్వాత ఈ స్టేషను గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఇక్కడ మూడు మోటార్లున్నాయట. నడిపేది రెండే, ఒకటి ఊరికే ఉంటుంది. ఊరికే ఉన్నదాన్ని కూడా రోజూ కాసేపు తిప్పాలట, లేకపోతే బిగుసుకుపోతుందట. దాన్ని తిప్పేవాడొకడున్నాడు, అతనికి నత్తి. ఆ మోటారు దగ్గర పాడుకుంటాడు, పాడేటప్పుడు మాత్రం నత్తి ఉండదట. ఎప్పట్నుంచో, ఎందుకో, అతనింట్లో వాళ్ళేమంటారో, చేతులు తిప్పుతూ చెప్తూనే ఉన్నాడు. ఎక్కడికి తీసుకెళ్తున్నాడో నాకు తెలీదు. ఈయనకీ తెలీదనుకుంటాను. ఒక్కొక్క వాక్యం మూడేసి లైన్లుంది.

మోటార్ల హోరులో సగం వినపడలేదు. దగ్గరికి జరిగి, మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నాను.